పారిస్ నుంచి ఏం తెచ్చారు?

పారిస్‌లో కొనదగిన వస్తువులు మూడు తరగతులు. కొన్నవాళ్లు తామే వాడుకునేవి మొదటి తరగతి. ఊరికి తెచ్చి పంచిపెట్టేవి రెండోది. కొనే స్తోమత లేక, అద్దానికి ఇవతల నిలబడి ఫొటో తీసుకునేవి మూడోది. సంఖ్యలో మూడో తరగతిదే పైచేయి. బరువుండదు కాబట్టి విమానంలో దానికి అదనపు రుసుమూ ఉండదు. మూడింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. ధరలో సరుకు ఖరీదు కొంత, పారిస్ అనే పేరు ఖరీదు మిగతాదంతా. ఆ పేరు నగరంలో రకరకాల రేట్లకు దొరుకుతుంది. పావు యూరోకు దొరికే చోటూ ఉంది, పది లక్షల రూపాయలు చేత పట్టుకు వెళ్లినా ‘లేదు’ అనిపించుకునే చోటూ ఉంది.

పావు యూరో చోటు ఈఫిల్ టవర్ చుట్టుపక్కల, సెన్ నదికి అవతల త్రొకదేరో మెట్ల మీద ఉంటుంది. నాలుగు మూలలకూ తాళ్లు కట్టిన దుప్పటి, దాని మీద బారులు తీరిన టవర్లు: బొటనవేలంతవి, జానెడువి, మూరెడువి, ఇత్తడి రంగు, వెండి రంగు, గులాబీ రంగు. కీచైన్లను మాత్రం కింద పెట్టరు. పెద్ద ఇనుప రింగుకు గుత్తులుగా గుచ్చి, దారినపోయేవాళ్ల చెవి దగ్గర గలగలలాడిస్తారు. యూరోకు మూడంటే వద్దన్న మనిషికి పది అడుగులు వేసేలోగా ఐదు వస్తాయి. లైసెన్సు లేని వ్యాపారం కాబట్టి, పోలీసు కనబడగానే నాలుగు తాళ్లూ ఒక్కసారి లాగుతారు; దుకాణం మూటై భుజానికెక్కుతుంది. పోలీసు మలుపు తిరిగాక అదే బండ మీద అదే దుకాణం మళ్లీ పరుచుకుంటుంది. అమ్మేవాళ్లలో చాలామంది సెనెగల్ వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. సరుకు ఎక్కువగా చైనాది. కొనేవాళ్లు భూగోళం నలుమూలల వాళ్లు. ఈ లావాదేవీలో పారిస్ పెట్టుబడి వెనక కనబడే టవర్ ఒక్కటే.

బొమ్మ టవర్ల వ్యాపారం అసలు టవరంత పాతది. 1889లో గుస్తావ్ ఈఫిల్ సంస్థ 18,000కు పైగా ఇనుప ముక్కలను, 25 లక్షల రివెట్లను కలిపి దాన్ని నిలబెట్టింది. అది పూర్తవుతుండగానే ప్రెంతాం దుకాణం యజమాని జూల్ జాలుజో టవర్ నమూనాలు చేసి అమ్ముకునే ఏకహక్కు సంపాదించాడు. మిగతా వర్తకులు గగ్గోలు పెట్టడంతో ఆ గుత్త నిలవలేదు. అప్పటి నుంచి టవర్ ఆకారం అందరి సొత్తు. రాత్రి టవర్ సంగతి వేరు. దీపాలంకరణ మీద కాపీరైటు ఉంది. రాత్రి ఫొటోను సొంతానికి ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. పోస్టుకార్డుగా అచ్చేసి అమ్మాలంటే నిర్వాహక సంస్థ అనుమతి కావాలి. ఇనుము ఉచితం, వెలుగుకు రుసుము.

కీచైన్ విలువ పంపకంలో తెలుస్తుంది. పారిస్ వెళ్లొచ్చినవారి ఇంట సూట్‌కేసు తెరవడం బంధువర్గం సమక్షంలో జరగవలసిన కార్యక్రమం. ఆఫీసువాళ్లకు, అపార్టుమెంటువాళ్లకు కీచైన్లు పేరంటంలో తాంబూలం పంచినట్టు పంచేయవచ్చు, పేచీ రాదు. తోడికోడలికీ ఆడపడుచుకీ తెచ్చినవి మాత్రం ఒకే కొలత, ఒకే రంగు, ఒకే ధర అయి ఉండాలి. తేడా వస్తే పదేళ్ల తర్వాత ఏదో ఒక గృహప్రవేశంలో ఆ ప్రస్తావన వస్తుంది. వియ్యపురాలికి ఫ్రిజ్ మాగ్నెట్ ఇవ్వడం ప్రమాదం. ఆమె హోదాకు కనీస మర్యాద సెంటు సీసా.

సెంటు సీసాలకు బులెవార్ ఓస్మన్ ప్రసిద్ధి. ఆ రోడ్డు మీద 1865 నాటి ప్రెంతాం, 1890లలో మొదలైన గలేరీ లఫాయెత్ పక్కపక్కనే ఉన్నాయి. లఫాయెత్‌లో 1912 నాటి రంగుటద్దాల గోపురం 43 మీటర్ల ఎత్తున ఉంటుంది. లోపలికి రావడానికి, తల పైకెత్తడానికి, మేడ మీదికెక్కి ఊరంతా చూడటానికి డబ్బు తీసుకోరు. ఆ మూడు పనులూ చేసి దిగిపోదామనుకున్నవాళ్లకు దిగే దారిలో సెంట్ల విభాగం అడ్డొస్తుంది. 1919 జనవరిలో ఈ మేడ మీదే జూల్ వెద్రీన్ అనే వైమానికుడు విమానం దింపి 25,000 ఫ్రాంకుల బహుమతి గెలిచాడు. విమానం దెబ్బతింది, అనుమతి లేకుండా దిగినందుకు పోలీసులు జరిమానా వేశారు. నష్టం విమానానికి, జరిమానా వైమానికుడికి, ప్రచారం దుకాణానికి దక్కాయి.

ఈ మహా దుకాణాలకు దారి చూపింది సెన్ నదికి ఎడమ ఒడ్డునున్న బోన్ మార్షే. 1852లో అరిస్తీద్ బూసికో అందులో భాగస్వామిగా చేరాక వస్తువు వస్తువుకూ ధర చీటీ తగిలించాడు. ఎవరైనా లోపలికి రావచ్చు, చూడవచ్చు, కొనకుండా పోవచ్చు, కొన్నది నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు. పిల్లలకు రంగుల బొమ్మకార్డులు పంచాడు. భర్తల కోసం పత్రికలు చదువుకునే గది పెట్టాడు. ఆ గదిని తర్వాతి తరం దుకాణదారులు కుర్చీలకు కుదించారు. భర్తలు మాత్రం ఈనాటికీ వాటిలోనే, ఒళ్లో సంచులు పెట్టుకుని, ఫోను చూసుకుంటూ దొరుకుతారు. ఎమిల్ జోలా 1883లో ఈ దుకాణాన్ని నమూనాగా పెట్టుకుని ఏకంగా నవలే రాశాడు. కొనే ఉద్దేశం లేనివారి చేత కొనిపించే విద్యకు అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు.

ధర చీటీతో ‘చివరికెంతకిస్తారు’ అన్న ప్రశ్నకు నూరేళ్లు నిండాయి. బేరమాడి సగానికి దించడం, పక్క కొట్టుకు పోతున్నట్టు నటించి వెనక్కి పిలిపించుకోవడం, ఇంటికొచ్చాక ఇంకో యాభై తగ్గించాల్సిందని నిద్ర మానుకోవడం ఇవన్నీ బూసికో ఒక్క కాగితం ముక్కతో రద్దు చేశాడు. 1984 నుంచి బోన్ మార్షే బెర్నార్ ఆర్నో గ్రూపు చేతిలో ఉంది. 1870లో పుట్టిన సమరితేన్ కూడా ఆ గ్రూపుదే. భద్రతా కారణాల మీద 2005లో మూసి, మరమ్మతులు ముగించి 2021లో తెరిచారు. సమరితేన్‌లో దొరకనిదంటూ లేదని ఒకప్పుడు ప్రచారం చేసుకున్న దుకాణం అది. ఇప్పుడు అక్కడ దొరకనిది ఒక్క చవక మాత్రమే.

పేరు ధర శిఖరానికి చేరే చోటు ఫోబూర్ సెంతొనొరే వీధి. హెర్మెస్ మూల దుకాణం ఉన్నది ఇక్కడే. 1837లో గుర్రపు సామగ్రి పనితో మొదలైన సంస్థ ఇది. గుర్రాలు తగ్గాక 1937లో పట్టు స్కార్ఫు తెచ్చింది. కొలత 90 సెంటీమీటర్ల చదరం, అంటే ఇంచుమించు జాకెట్టు గుడ్డ. ధర గద్వాల పట్టుచీరను దాటిపోతుంది. 1984లో నటి జేన్ బర్కిన్ పేరిట వచ్చిన బ్యాగు కథ ఇంకా పైమాట. దుకాణంలోకి నడిచి, డబ్బు లెక్కపెట్టి తెచ్చుకునే వస్తువు కాదది. తోలు సామాను చూడటానికే ముందుగా అపాయింట్‌మెంట్ అడగాలి. అది దొరికాక ఏ బ్యాగు చూపించాలో, అసలు చూపించాలో వద్దో దుకాణం ఇష్టం. ఇక్కడ పరీక్షకు నిలబడేది కొనేవాళ్లు. బర్కిన్ స్వయంగా వాడిన మొదటి బ్యాగును 2025 జులైలో పారిస్‌లోనే సదబీస్ వేలం వేసింది. గీతలు పడి, స్టిక్కర్ల మరకలతో, నెయిల్ కట్టర్ వేలాడుతున్న ఆ పాత సంచి రుసుములతో కలిపి 86 లక్షల యూరోలు పలికింది.

లూయీ విటాన్ 1854 నాటి ట్రంకుపెట్టెల కొట్టు. నకళ్ల బెడద తప్పించుకోవడానికి 1896లో పేరులోని పొడి అక్షరాలను, పువ్వులను కలిపి ఓ అల్లిక గుర్తు వేశారు. దాంతో నకలు చేసేవాళ్లకు ఏది నకలు చేయాలో స్పష్టంగా తెలిసింది. పారిస్‌లో నకిలీ వస్తువులకంటూ ఒక మ్యూజియమే ఉంది. పదహారో వార్డులో, అసలునూ నకిలీనీ పక్కపక్కన పెట్టి చూపుతారు. టికెట్ కొని నకిలీలను చూడటం అక్కడ సంస్కృతి. వీధిలో వాటినే కొని చంకన పెట్టుకోవడం నేరం. పట్టుబడితే వస్తువు పోతుంది, అసలు సరుకు ధరకు రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు, మూడేళ్ల దాకా జైలుకు కూడా చట్టంలో చోటుంది. నకిలీ బ్యాగుకు అసలు బ్యాగు విలువ కట్టే అధికారి ఫ్రెంచి కస్టమ్స్ ఒక్కరే.

బేరం ఇంకా ఊపిరితో ఉన్న చోటు ఉత్తరపు పొలిమేరలో సెంతువాన్ పాత సామాన్ల సంత. మెట్రో 4వ లైనులో పోర్త్ ద క్లిన్యాంకూర్ దగ్గర దిగాలి. దిగగానే వలయ రహదారి వంతెన కింద బెల్టులు, ఫోన్లు, బూట్లు పట్టుకుని జనం చుట్టుముడతారు. సంత ఇదే కాబోలనుకుని అక్కడి నుంచే వెనుదిరిగి, తర్వాత జీవితమంతా సంతను తిట్టేవాళ్లు ఉన్నారు. అసలు సంత వంతెన దాటాక మొదలవుతుంది. నగరం నుంచి గెంటేసిన చిత్తుకాగితాలవాళ్లు, పాతగుడ్డలవాళ్లు పెట్టుకున్న ఈ అంగళ్లకు 1885ను పుట్టిన సంవత్సరంగా లెక్కిస్తారు. శని, ఆది, సోమవారాల్లో తెరుస్తారు. వెర్నెజోన్ సందుల్లో గుండీలు, పూసలు, లేసులు, ఎవరో ఎవరికో రాసుకున్న పోస్టుకార్డులు పెట్టెల్లో పోసి ఉంటాయి. బిరోన్, సెర్పెత్ వైపు పోతే రాజుల కాలపు కుర్చీలు. కూర్చోవద్దని వాటి మీద చీటీలు. ఇంటి నంబర్ల నీలం ఎనామెల్ పలకలు, తలుపు పిడులు, రాగి అచ్చులు సంచిలో పట్టే సరుకు. అమ్మమ్మ నాటి ఇత్తడి గంగాళాన్ని పాత సామాన్లవాడికి తూకానికేసి స్టీలు డబ్బాలు తెచ్చుకున్న కుటుంబాలు, ఇక్కడ ఎవరి అమ్మమ్మదో తెలియని రాగి గిన్నెకు యూరోలు పోసి, కిలాన్ని తుడవవద్దని ప్రత్యేకంగా చెప్పి పొట్లం కట్టిస్తాయి.

సెన్ నది గట్ల మీద పాత పుస్తకాలవాళ్ల ముదురాకుపచ్చ పెట్టెలు 900 దాకా ఉన్నాయి. ఒక్కో అమ్మకందారుకు నాలుగు పెట్టెలు. మూడింటిలో పుస్తకాలే ఉండాలి, నాలుగోదానిలో సావనీర్లు పెట్టుకోవచ్చు. జనం మూగేది ఎప్పుడూ నాలుగో పెట్టె దగ్గరే. 2024 ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి భద్రత పేరుతో వందలాది పెట్టెలు తీసేయాలని పోలీసులు ఆదేశించారు. ఫ్రెంచి వారసత్వాన్ని ప్రపంచానికి చూపించే కార్యక్రమానికి ఆ వారసత్వమే అడ్డమైంది. చివరికి అధ్యక్షుడు మక్రాన్ జోక్యంతో పెట్టెలు ఉన్నచోటే ఉన్నాయి.

అదే నది మీద పోన్ దెజార్ వంతెన ఉంది. ప్రేమికులు కమ్మీలకు తాళం వేసి, తాళంచెవిని నీళ్లలో పారేయడం అక్కడి ఆచారంగా మారింది. ప్రేమ బరువుకు 2014లో పిట్టగోడ జాలీ ఒకటి కూలింది. మరుసటి ఏడు 45 టన్నుల తాళాలు ఊడదీశారు. 2017లో నగర పాలక సంస్థ వాటిలో కొన్నిటిని శరణార్థుల సహాయనిధి కోసం వేలం వేసి సుమారు రెండున్నర లక్షల యూరోలు రాబట్టింది. పర్యాటకులు తమ డబ్బుతో కొని వదిలేసి పోయిన ఇనుమును వాళ్లకే పారిస్ జ్ఞాపికగా అమ్మగల నగరపాలన మరో చోట కనబడదు.

మ్యూజియం దుకాణాలది వేరే పద్ధతి. లూవ్ర్‌లో మోనాలిసాను చూడటానికి మనిషికి దొరికే సమయం కన్నా గొడుగు మీద, మేజోళ్ల మీద, చాక్లెట్ డబ్బా మీద ఆమెను చూసే సమయం ఎక్కువ. చాలామందికి తెలియకుండా ఉండేది లూవ్ర్ రాగి ఫలకాల సేకరణ. 1797లో నెలకొన్న ఈ శాఖ దగ్గర 13,000కు పైగా చెక్కడపు ఫలకాలున్నాయి. 14వ లూయీ కాలం నాటి ఫలకం మీద ఇప్పటికీ చేత్తో అచ్చుతీసిన బొమ్మ కొనుక్కోవచ్చు. పారిస్ చరిత్ర కలిగి, చుట్ట చుడితే సూట్‌కేసులో పట్టే వస్తువు ఇది. టవర్ బొమ్మ లేదు కాబట్టి ఊళ్లో ఎవరూ దాన్ని పారిస్‌ది అని నమ్మరు.

లూవ్ర్‌లోని అపోలో గ్యాలరీతో తెలుగు నేలకు పాత లెక్క ఉంది. కృష్ణాతీరంలో కొల్లూరు గనుల రాయిగా పేరున్న 140 క్యారెట్ల రీజెంట్ వజ్రాన్ని 1717లో ఫ్రాన్సు రాజ్యం కొన్నది. అంతకుముందే తవెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు గోల్కొండ సీమ తిరిగి కొన్న వజ్రాలను 14వ లూయీకి అమ్ముకున్నాడు. అటు వజ్రాలు పోయాయి, ఇటు కీచైన్లు వచ్చాయి. వాణిజ్య సమతూకం అంటే ఇదే. 2025 అక్టోబరు 19న దొంగలు సామాన్లు ఎక్కించే నిచ్చెన బండితో వచ్చి, ఆ గ్యాలరీ నుంచి 8.8 కోట్ల యూరోల విలువైన ఎనిమిది నగలు నిమిషాల్లో పట్టుకుపోయారు. అక్కడే ఉన్న రీజెంట్‌ను ముట్టలేదు. క్యూ లేకుండా, ధర చీటీ చూడకుండా పారిస్‌లో జరిగిన వేగవంతమైన కొనుగోలు అదే అయినా, అనుసరించదగ్గ పద్ధతి కాదు.

పారిస్ సరుకుగా చలామణి అయ్యేవాటి జన్మస్థలాలు విచారిస్తే నగరానికి మిగిలేది తక్కువ. బెరే టోపీ దక్షిణాన పిరనీస్ కొండల పశువుల కాపరులది. నీలి చారల చొక్కా 1858లో ఫ్రెంచి నావికుల యూనిఫారంగా నిర్ణయమైనది. దిజాన్ ఆవపిండి సీసా మీద ఫ్రెంచి ఊరి పేరుంటుంది. ఆవాలు ఎక్కువగా కెనడావి. కెనడాలో 2021లో వర్షాలు మొహం చాటేస్తే మరుసటేడు ఫ్రాన్సు దుకాణాల్లో ఆవ సీసాలు కరువయ్యాయి. 1854 నాటి మరియాజ్ ఫ్రేర్ టీ కొట్టులో డార్జిలింగ్ ఆకును అందమైన డబ్బాలో పోసి అమ్ముతారు. డార్జిలింగ్ వెళ్లిరావడానికి తీరికలేని భారతీయులు పారిస్ దాకా పోయి దాన్ని తెచ్చుకుంటారు. పువ్వుల అచ్చులున్న ప్రోవాన్స్ టేబుల్ క్లాత్‌ది ఇంకా దూరపు చుట్టరికం. కోరమాండల్ తీరం నుంచి, అందులో మచిలీపట్నం నుంచి వెళ్లిన అద్దకపు బట్టలకు ఫ్రెంచివాళ్లు ఎంత మోజుపడ్డారంటే, సొంత నేతగాళ్లను కాపాడటానికి 1686లో వాటిని నిషేధించారు. 1759 దాకా నిషేధం నడిచింది, కట్టడమూ నడిచింది. నిషేధం ఎత్తేశాక తామే అచ్చేయడం నేర్చుకున్నారు. పెడన కలంకారీని పక్కన పెట్టి దాని దూరపు బంధువుకు యూరోలు చెల్లించే హక్కు తెలుగు కొనుగోలుదారులకు ఆ విధంగా సంక్రమించింది.

తినుబండారాల్లో మకరోన్ ముందు వరసది. రంగు బాగుంటుంది, డబ్బా ఇంకా బాగుంటుంది, ఆయుష్షు మూడు నాలుగు రోజులు. జెట్ లాగ్ తీరి బంధువులను పిలిచేసరికి డబ్బా ఒక్కటే పంచదగ్గ స్థితిలో ఉంటుంది. చీజ్ వాసన సూట్‌కేసులోని పట్టుబట్టలతో శాశ్వత సంబంధం కలుపుకుంటుంది. ఆవ సీసా, జామ్, మెత్తని చీజ్ భద్రతా సిబ్బంది దృష్టిలో ద్రవాలే. 100 మిల్లీలీటర్లు దాటినవి చేతిసంచిలో పెడితే వాళ్ల బుట్టలో పడతాయి. ఉప్పు, చాక్లెట్, బిస్కట్ డబ్బాలకు పెద్ద దుకాణాలు అక్కర్లేదు. పారిస్‌వాళ్లు సరుకులు తెచ్చుకునే మోనోప్రీలో అవే దొరుకుతాయి. రాగి మూకుళ్లకు 1820 నాటి దెయెర్రాన్ కొట్టు ఉంది. అక్కడ ధర కన్నా బరువు ముందు చూడాలి.

ఎప్పుడు కొనాలన్నది ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ‘సోల్ద్’ అనే తగ్గింపు అమ్మకాలు ఏటా రెండుసార్లే, జనవరిలో ఒకసారి, జూన్ చివర మొదలై ఒకసారి. ఒక్కోటి నాలుగు వారాలు. ఏడాది పొడుగునా ఆషాఢం సేల్ నడిపే స్వేచ్ఛ అక్కడి వ్యాపారికి లేదు. ఆదివారం చాలా వీధులు మూసి ఉంటాయి; 2015 చట్టం తర్వాత పర్యాటక ప్రాంతాల్లో పెద్ద దుకాణాలు తెరుస్తున్నారు. ఏ రోజైనా కొట్టులోకి అడుగు పెడుతూనే ‘బోన్‌జూర్’ అనాలి. అనకుండా ‘ఎంత’ అని అడిగితే ధర మారదు, చూపు మారుతుంది.

చివరి మజిలీ పన్ను వాపసు. ఐరోపా సమాఖ్య వెలుపల నివసించేవారు, 16 ఏళ్లు నిండినవారు ఒకే దుకాణంలో 100 యూరోలకు మించి కొంటే పాస్‌పోర్టు చూపించి ఫారం అడగవచ్చు. వ్యాట్ 20 శాతం. మధ్యవర్తి సంస్థల కోతలు పోగా చేతికొచ్చేది సాధారణంగా ధరలో 12 శాతం దగ్గర. విమానాశ్రయంలో ‘పాబ్లో’ అనే యంత్రం ముందు ఫారం బార్‌కోడ్ పెడితే పచ్చ తెర వస్తుంది. రాకపోతే కస్టమ్స్ కౌంటర్ దగ్గర సరుకు విప్పి చూపాలి. అందుకే పెట్టెలు విమానానికి అప్పగించకముందే ఈ పని ముగించాలి. 12 శాతం కోసం 88 శాతం అనవసరంగా ఖర్చు చేసినవాళ్లు ఈ వరసలో లాభం సంపాదించిన ముఖాలతో నిలబడి ఉంటారు.

శంషాబాద్‌లో దిగాక ఇంకో కౌంటర్ ఉంది. భారత కస్టమ్స్ అనుమతించిన ఉచిత పరిమితి దాటిన సరుకుకు రెడ్ చానల్‌లో సుంకం కట్టాలి. సరుకు పాతదని, బహుమతిగా వచ్చిందని, ధర గుర్తులేదని చెప్పుకోవచ్చు. పన్ను వాపసు కోసం పారిస్‌లో ముద్ర వేయించుకుని భద్రంగా దాచిన బిల్లే పెట్టెలో పైన ఉంటుంది కాబట్టి అధికారికి లెక్క కట్టడం తేలిక.